ముందు నలభై మూడు, వెనక ముప్పై తొమ్మిది

పోయిన వేసవిలో గిద్దలూరులో మా మామ ఇంటి ముందు, మార్కాపురం పలకరాయి పరిచిన వాకిట్లో, పాత జీపు కింద వెల్లకిలా పడుకుని పళ్ళు లెక్కపెట్టాను. క్రౌన్ వీలు పళ్ళు. ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, అది మళ్ళీ చేతికి వచ్చేదాకా మెల్లగా తిప్పడమే. ముందు హౌసింగులో 43. దాన్ని తిప్పే పినియనుకి 8. వెనక హౌసింగు విప్పి మళ్ళీ లెక్కపెట్టాను. 39. పినియనుకి 8.

తప్పు లెక్కపెట్టానేమో అనుకుని ఇంకోసారి తిప్పాను. మేస్త్రీ కూడా వంగి లెక్కపెట్టాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "ఇట్టా ఉండకూడదు సార్" అన్నాడు.

మేం మొదలుపెట్టింది చాలా చిన్న పని. 3బి మోడల్ జీపు. అందులో మూడు గేర్ల పెట్టె తీసేసి, మహీంద్రా తర్వాతి జీపుల్లో వచ్చిన నాలుగు గేర్ల పెట్టె వేద్దామనుకున్నాం. పాతదాంట్లో మొదటి గేరుకి సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప పడేది కాదు. మామకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. ఎలాగూ అన్నీ విప్పుతున్నాం కదా, హౌసింగుల్లో ఆయిలు కూడా మారుద్దామని తెరిచాం. అక్కడ ఆగిపోయాం.

ఎందుకు అలా ఉండకూడదో చెప్పాలి. 43ని 8తో భాగిస్తే సుమారు 5.38. అంటే జాయింటు షాఫ్టు 5.38 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 39ని 8తో భాగిస్తే 4.88. ఈ తరహా జీపులో ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ ఒకే వేగంతో తిప్పుతుంది. మధ్యలో సర్దుబాటు చేసేది ఏదీ లేదు. అప్పుడు ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగాలని చూస్తాయి. తేడా పదో వంతు. బురదలో అయితే టైరు జారి ఆ తేడాని మింగేస్తుంది. గట్టి నేల మీద ఏదో ఒకటి విరగాల్సిందే. కాబట్టి వెనక పళ్ళు మార్చిన రోజు నుంచి ఈ బండి ఫోర్‌వీల్ జీపు కాదు. ముందు జాయింటు షాఫ్టు ఎప్పుడో పోయిందని మేం చిన్నప్పటి నుంచి విన్నాం. ఫోర్‌వీల్ లివరు మాత్రం అలాగే ఉంది. మేం పిల్లలం దాన్ని పట్టుకుని ఆడుకునేవాళ్ళం.

ఈ రెండు అంకెలకూ ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన జీపు నిష్పత్తి 4.88. యుద్ధం అయిపోతుండగా, 1945లో, అదే బండిని రైతులకి అమ్మాలని సీజే-2ఎ అనే మోడల్ తెచ్చారు. నాగలి లాగాలి, చేలో నెమ్మదిగా నడవాలి. అందుకని ఇరుసుల నిష్పత్తి 5.38కి మార్చారు. ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరుని 1.97 నుంచి 2.46కి దించారు. మొదటి గేరు సుమారు 2.8. ఈ మూడూ గుణిస్తే 37 వస్తుంది. ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి కదులుతుంది. మనిషి నడక కన్నా నెమ్మది. ఆ నెమ్మదిలోనే బలం. అంటే 39 పళ్ళది సైనికుడి లెక్క, 43 పళ్ళది రైతు లెక్క. మా మామ జీపుకి ముందు రైతు, వెనక సైనికుడు.

ఈ బండి మన దగ్గరకి వచ్చిన కథ చాలామందికి తెలుసు. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ పెట్టారు. దేశం రెండైంది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలై, తర్వాత ఇక్కడే తయారుచేసేదాకా వెళ్ళారు. కొత్త ఇంజనులో కొన్ని వాల్వులు పైకి రావడంతో ఎత్తు పెరిగి, దాన్ని పట్టించడానికి బానెట్టు పైకి లేపిన మోడలే 3బి. అమెరికాలో 1968లో ఆపేశారు. మన దగ్గర దాని ఒంటి తీరు ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. 2018లో మహీంద్రా రోక్సార్ అనే బండిని అమెరికాలో అమ్మబోతే, మా జీపు ఆకారాన్ని కాపీ కొట్టారని ఫియట్ క్రైస్లర్ ఫిర్యాదు చేసింది. ఆకారం ఎవరిదన్న తగాదా కొన్నేళ్ళు సాగింది. ఈ సంగతి చెబితే మామ నవ్వి, "ఆకారానిదేముందిరా, లోపలుండేది ఎవురిదని అడగమను" అన్నాడు.

లోపల ఉండేది ఎవరిది అన్నది మా ప్రాంతంలో చిన్న ప్రశ్న కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. నల్లమల అడ్డంగా ఉంటుంది. జీపు అంటే అప్పట్లో సర్కారు. తాసీల్దారుకి జీపు, ఫారెస్టోళ్ళకి జీపు, పోలీసులకి జీపు. ఎన్నికలొస్తే చెంచు గూడేలకి పెట్టెలు మోసేది జీపు. ఆ సర్కారు జీపులు ముసలివై వేలానికి వస్తే మామ లాంటి వాళ్ళు కొనుక్కున్నారు. 1973 తర్వాత ముడి చమురు ధర నాలుగు రెట్లయింది. పెట్రోలు జీపుని మేపడం ఎవరి తరమూ కాలేదు. పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం ఒక తరం మెకానిక్కులకి అన్నం పెట్టింది. ఫ్లైవీలుకీ గేరుపెట్టెకీ మధ్య అడాప్టరు ప్లేటు లేతు మీద కోయించడం, మౌంటింగులు వెల్డింగు చేయడం, ఇవన్నీ పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు. ఇప్పటికీ శ్రీశైలం-దోర్నాల దారి నుంచి అడవిలోకి మళ్ళి ఇష్టకామేశ్వరి గుడికి పోయే జీపులు చూడండి. రాళ్ళ మీద ఊగుతూ పోయే ఆ బళ్ళని ఇంకా నడిపిస్తున్నది అలాంటి చేతులే.

మామ కూడా 1980ల చివర్లో డీజిలు ఇంజను వేయించాడు. అది ఆర్‌సీ బుక్కులో ఎక్కింది. ఇంజను నంబరు, ఇంధనం, అన్నీ ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని గట్టిగానే చెప్పింది. కానీ ఆర్‌సీ బుక్కులో ఛాసిస్ నంబరుకి గడి ఉంది, ఇంజనుకి ఉంది, రంగుకి కూడా ఉంది. క్రౌన్ పళ్ళకి లేదు. కాగితాలు చూసి ఈ జీపు చరిత్ర రాస్తే ఇంజను మారిందని రాస్తాం. అది అడవికి పోవడం మానేసిందని మాత్రం ఎక్కడా కనపడదు.

ఆ సాయంత్రం మామని అడిగాను. "మామా, వెనక 39 ఎవురేశారు?"

కాసేపు పలకలేదు. మేస్త్రీ వెళ్ళిపోయాక చెప్పాడు.

"నేనే ఏయించినా. ఫోర్‌వీల్ బండి ఇంట్లో ఉంటే ఇద్దరూ అడుగుతారు రా. పగలు వాళ్ళొచ్చి అడుగుతారు, రాత్రి వీళ్ళొచ్చి అడుగుతారు. ఇయ్యనంటే ఒక బాధ, ఇస్తే ఇంకో బాధ. షాఫ్టు ఊడదీసినా. షాఫ్టు మళ్ళా బిగించుకుంటాం లే అన్నోడొకడు దొరికినాడు. అప్పుడు ఎనక పళ్ళు మార్చినా. ఇంక యా మెకానిక్కు చూసినా పనికిరాదంటాడని."

ఏ సంవత్సరమని అడిగితే, చిన్నమ్మి పుట్టిన ఏడు అన్నాడు. అంటే 1990ల మధ్య. నల్లమల అప్పుడు అన్నల అడవి, కూంబింగుల అడవి. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకి నాయకులు ఈ అడవిలోంచే బయటికి వచ్చారు. ఆ చర్చలు విఫలమయ్యాక రెండు మూడేళ్ళలో ఇక్కడ ఉద్యమం తుడిచిపెట్టుకుపోయింది. ఈ కాలం గురించి పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, పోలీసు రికార్డులున్నాయి. అందులో చనిపోయినవాళ్ళ పేర్లుంటాయి, చంపినవాళ్ళ పేర్లుంటాయి. ఇద్దరి మధ్యా బతకడానికి తన బండిని తానే కుంటిదాన్ని చేసుకున్నవాడు ఏ జాబితాలోకీ రాడు. అతను ఏమీ చేయలేదు కదా. నాలుగు పళ్ళు తగ్గించాడంతే.

నేను హైదరాబాదు బుద్ధితో ఒక లెక్క చెప్పాను. ముందు కూడా 39 వేసేద్దాం మామా. గంటకి 80 మీద పోతే ఇంజను ఇప్పుడు తిరిగేంతే, నిమిషానికి 2,950 దాకా తిరుగుతుంది. వెనక 43 వేస్తే 3,250కి పోతుంది. అత్తయ్యని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు అంత మోత ఎందుకు? లెక్క ప్రకారం నాదే సరైంది. హైవే బండికి 4.88 మేలు.

మామ వినలేదు. "39 నేను భయంతో ఏసింది. భయం పోయినాక కూడా దాన్నే ముందుకీ ఎక్కించమంటావా?"

విజయవాడ ఆటోనగర్లో 43కి 8 సెట్టు, పాతదే, దొరికింది. పని రెండు రోజులు పట్టింది. మూడు ఇనుప పైపులు కలిపి కట్టి, చైన్ కప్పీతో గేరుపెట్టె ఎత్తి బిగించాం. అది తేలిక. వెనక క్రౌన్ కూర్చోబెట్టడం కష్టం. పళ్ళకి పసుపు పెయింటు పూసి తిప్పితే, పినియను ఒరుసుకున్న చోట పెయింటు పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటి మధ్యలో పడాలి. ఓ పక్కకి పడితే మళ్ళీ విప్పి, షిమ్ములు మార్చి, మళ్ళీ పూసి చూడాలి. అయిదోసారికి కుదిరింది. అప్పుడు మామ అటక ఎక్కమన్నాడు. గోనెసంచిలో, గ్రీజు దట్టంగా పూసిన ముందు జాయింటు షాఫ్టు ఉంది. తుప్పు చుక్క కూడా లేదు.

ఇప్పుడు ఆ జీపుతో ఎక్కడికి పోతాం అంటే, పెద్దగా ఎక్కడికీ పోలేం. అడవి పులుల అభయారణ్యం. ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు, ఉండకూడదు కూడా. నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి పోయే దారిలో, అనుమతి ఉన్నంతవరకూ పోయాం. ఓ ఇసుక పట్టు దగ్గర మామ బండి ఆపి ఫోర్‌వీల్ లివరు లాగాడు. ముప్పై ఏళ్ళు ఊరికే ఉన్న లివరు. మొదట బిగుసుకుంది, తర్వాత పడింది. ముందు చక్రాలు ఇసుకని పట్టుకున్నాయి. ఆయన నాతో ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చాక విప్పిన 39 పళ్ళ క్రౌనుని పాతసామానుకి వేద్దామని పక్కన పెట్టాను. మామ దాన్ని తుడిచి, గ్రీజు పూసి, అదే గోనెసంచిలో చుట్టాడు.

"అమ్మొద్దు. పైన పెట్టు" అన్నాడు.