స్వేచ్ఛా సాఫ్టువేరు: కృష్ణాతీరమున దాని చరిత్ర

కంప్యూటరును నడుపు ఆజ్ఞల సముదాయమును, అనగా సోర్సు కోడును, వాడుకొను ప్రతివ్యక్తియు చదివి చూచుకొనుటకును, తన అక్కఱకు తగినట్లు మార్చుకొనుటకును, మార్చినదానిని ఇరుగుపొరుగులకు పంచిపెట్టుటకును లిఖితపూర్వకమైన అనుమతితో వెలువడు సాఫ్టువేరు స్వేచ్ఛా సాఫ్టువేరనియు, ఓపెన్ సోర్సు సాఫ్టువేరనియు వ్యవహరింపబడుచున్నది. విండోసునకు మారుగా సామాన్యులు వాడుకొనదగిన లినక్సు ఆపరేటింగ్ సిస్టమును, దానితోపాటు ఫైర్‌ఫాక్సు, లిబ్రె ఆఫీసు, వీఎల్‌సీ మొదలగునవియు ఈ కోవకు చెందినవే. కృష్ణా డెల్టాకు శిరోభాగముననున్న విజయవాడయందును, తెలుగుదేశమున సాధారణముగాను ఈ సాఫ్టువేరు నడచిన త్రోవను నిర్ణయించుటలో వెలకంటె తెలుగు లిపికే ఎక్కువ పాలు కలదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

దీని ప్రపంచచరిత్రను రెండు మాటలలో ముగింపవచ్చును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27న గ్నూ అను స్వేచ్ఛా వ్యవస్థను నిర్మింపబూనితినని ప్రకటించి, 1985లో ఒక ప్రతిష్ఠానమును స్థాపించి, 1989లో ‘జీపీఎల్’ అను అనుమతిపత్రమును వెలువరించెను. ఆ వ్యవస్థకు లోపించిన కీలకభాగమగు కెర్నెలును 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాయగా, మరుసటి సంవత్సరమున అదియు జీపీఎల్ క్రిందికి వచ్చెను. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు పుట్టినవి. ఉబుంటువారు కోరినవారికెల్ల సీడీలను తపాలాఖర్చైనను పుచ్చుకొనక 2011 వఱకు పంపుచుండిరి. ఇంటర్నెట్టు మందకొడిగా నడచుచుండిన ఆ దినములలో మన దేశపు విద్యార్థులనేకులు లినక్సును తొలుత చూచినది ఆ సీడీలలోనే.

కాని, తెలుగువారి స్వయంకృషి అంతకు ముందే, సముద్రములకావల ఆరంభమైనది. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుటకు ఒక క్రమమైన పద్ధతిని ఏర్పరచిరి. ఆర్‌టీఎస్ అని ప్రసిద్ధి చెందిన ఆ పద్ధతి నేటికిని లినక్సులోని తెలుగు టైపింగు విధానములలో ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు అమరిక పక్కన నిలిచియున్నది. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ అనువారలు టెక్ అను స్వేచ్ఛా ముద్రణసాధనమునకు తెలుగు అక్షరములను కూర్చి తెలుగుటెక్‌ను సిద్ధపరచిరి. వీరిలో ఎవరికిని ఇది జీవనోపాధి కాదు. పరదేశమున తెలుగు పద్యమును తెలుగు లిపిలోనే చూచుకొనవలెనను ఆసక్తియే వారి చేత ఈ పని చేయించినది.

ఇదే కాలమున విజయవాడలో జరిగిన పరిణామము దీనికి పూర్తిగా విరుద్ధమైనది. ఈ నగరము అచ్చుపనికి పుట్టినిల్లు. విశాలాంధ్ర దినపత్రిక 1952లోను, ఆంధ్రజ్యోతి 1960లోను ఇచ్చటినుండియే వెలువడినవి. పుస్తకప్రచురణ, పంచాంగములు, పాఠ్యపుస్తకములు, పెండ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రములు వేలకొలది కుటుంబములకు కూడుపెట్టినవి. సీసపు అక్షరములు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు ఈ ముద్రణాలయములన్నియు పేజ్‌మేకరు అను సాఫ్టువేరును, ‘అను’, ‘శ్రీలిపి’, ‘ఆకృతి’ మొదలగు పేర్ల తెలుగు అక్షరములను, అనగా ఫాంటులను, పట్టుకొనినవి. అవి పనిచేయు తీరు విచిత్రము. తెలుగు అక్షరమునకు తనదంటూ ఒక స్థానములేక, ఇంగ్లీషు అక్షరములకును చిహ్నములకును కేటాయించిన స్థానములలో తలకట్టు ఒకచోట, గుణింతపుగుర్తు ఒకచోట, వత్తు మఱియొకచోట చొప్పింపబడినవి. ఆ ఫాంటులేని కంప్యూటరుపై తెరచినచో తెలుగు కథ అర్థములేని ఇంగ్లీషు అక్షరముల మూకగా కానవచ్చును. ఒక సంస్థ ఫాంటుతో కూర్చిన గ్రంథమును వేఱొక సంస్థ ఫాంటు చదువజాలదు. మీటలను గ్రహించి ముక్కలను జతపరచు ప్రోగ్రామేమో విండోసుపైననే నడచును.

అందువలన కంప్యూటరుపై పుటలు కూర్చు డీటీపీ ఆపరేటరు నేర్చిన కీబోర్డు, అతడు కూర్చి దాచుకొన్న పాతపుస్తకముల ఫైళ్లు, ముద్రాపకుడు కోరు పేజ్‌మేకరు ప్రతి, ఇవి మూడును కలిసి అతనిని విండోసునకు కట్టివేసినవి. పేజ్‌మేకరు చివరి కూర్పు 2001లో వచ్చినది. 2004లో అడోబీ సంస్థ దాని అభివృద్ధిని నిలిపివేసినది. అయినను తెలుగు డీటీపీ కేంద్రములలో అది ఆ తరువాత చిరకాలము సజీవముగనే యుండెను. లినక్సు ఉచితమను మాట ఇచ్చట ఎవరిని కదలింపలేదనుటలో వింతలేదు: విడిభాగములు కూర్చి అమ్ము కంప్యూటరులో విండోసు ప్రతియు, పేజ్‌మేకరు ప్రతియు, అనుమతి ఉన్నను లేకున్నను, వెలలేకయే వచ్చుచుండిన నగరమున ఉచితము ఒక ఆకర్షణ యెట్లగును?

ఈ చిక్కునకు పరిష్కారము యూనికోడు. ప్రపంచభాషల అక్షరములన్నిటికి వేర్వేఱు సంఖ్యలు కేటాయించు ఈ ప్రమాణము 1991నాటి తొలికూర్పులోనే తెలుగునకు చోటిచ్చినది. అయినను సంఖ్య ఇచ్చుట వేఱు, ‘స్త్రీ’ అను అక్షరమును తెరపై సరిగా నిలుపుట వేఱు. సకార తకార రేఫములను గుర్తించి, ఒకదాని క్రింద నొకటి అమర్చి, ఈకారమును తగినచోట చేర్చు పని విండోసులో 2001నాటి ఎక్స్‌పీతో గౌతమి అను ఫాంటు ద్వారా సాధ్యమైనది. లినక్సులో పాంగో, తరువాత హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు లైబ్రరీలు ఆ భారమును వహించినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరములును, రెడ్ హ్యాట్ సంస్థవారి లోహిత్ ఫాంటును లినక్సులో తెలుగు చదువువారికి తొలి ఊతములైనవి. పోతన, వేమనలు నేటికిని డెబియన్ భాండారమున లభించును.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జునయే ‘పద్మ’ అను ఓపెన్ సోర్సు పరికరమునకును కర్త. పత్రికల వెబ్‌సైట్లలోని బహువిధములైన పాత ఫాంటులను యూనికోడులోనికి మార్చి ఫైర్‌ఫాక్సులో చదివించినది పద్మ. దాని కోడునే ఆధారముగా గొని వీవెన్ అను నామముతో ప్రసిద్ధుడైన యువకుడు 2006లో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు టైపుచేయు ‘లేఖిని’ అను పరికరమును వెలువరించెను. ఒకరు వ్రాసినదానిపై మఱియొకరు కట్టుకొనుటకు హక్కుండుటచేతనే లేఖిని పుట్టినది. తెలుగు బ్లాగర్లలో పెద్దభాగము ఆ లేఖినిలో అక్షరాభ్యాసము చేసినవారే. తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవములు 2014 ఫిబ్రవరిలో విజయవాడ కొత్తపేటయందలి కాకరపర్తి భావనారాయణ కళాశాలలో జరిగినవి. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు ఉపక్రమించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఈ నగరమునకు అనతిదూరముననున్న పెనుగంచిప్రోలున జన్మించినవాడగుటచే ఆ వేదిక ఎంతయు సముచితమని చెప్పదగును.

సంస్థారూపమున జరిగిన కృషిలో ‘స్వేచ్ఛ’ అను సంస్థ ప్రథమగణ్యము. ఆంధ్రప్రదేశ్ స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రతిష్ఠానముగా మొదలై తరువాత ఈ పేరు ధరించిన ఈ సంస్థ 2005లో అదే పేరుతో తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించెను. దానిలో మెనూలు, ఫోల్డర్ల పేర్లు, హెచ్చరికలు తెలుగున కనుపించును. ఇంజనీరింగు కళాశాలలలో లినక్సు బృందములను నెలకొల్పి, శిక్షణశిబిరములు నడపి, పిల్లలకొఱకు బాలస్వేచ్ఛను సిద్ధపరచినవారును వీరే. కేంద్రప్రభుత్వపక్షమున చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో బాస్ అను లినక్సును వెలువరించినది. అందును తెలుగు కలదు. ఐనను కేరళరాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్యను మొత్తముగా లినక్సుపైకి మరల్చి, ఒక తరమును దానితోనే పెంచినదనుట చూచినప్పుడు, మన రాష్ట్రములలోని కృషి స్వచ్ఛందసేవకుల భుజములపైననే అధికముగా నడచినదని ఒప్పుకొనవలెను. ఇంజనీరింగు విద్యార్థి లినక్సు నేర్చుట ఉద్యోగమునకు పనికివచ్చినది. బడిపిల్లవానికి అది అంతగా చేరలేదు.

అక్షరముల విషయమున మాత్రము ప్రభుత్వప్రోత్సాహము ఫలించినది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా, గుత్తుల పురుషోత్‌కుమార్ మొదలగువారి రూపకల్పనతో, పెక్కు తెలుగు ఫాంటులు ఎవరైనను వాడుకొనదగిన అనుమతితో వెలువడి, 2014 చివర గూగుల్ ఫాంట్లలో చేరినవి. సూరన, తిమ్మన, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ అను వాని పేర్లే ఒక సాహిత్యసభవలె నుండును. వానిలో రెండు ఈ డెల్టాకు చెందినవి: నిమ్మకూరువాడగు నందమూరి తారక రామారావు పేరిట ఎన్‌టీఆర్, 1975నాటి తొలి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథియైన అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పేరిట మండలి. ఈ ఫాంటుల రాకతో లినక్సుపై శీర్షికలకును శుభలేఖలకును అందమైన అక్షరములు లేవను ఆక్షేపణకు ఆధారము పోయినది. పుటలు కూర్చుటకైన స్క్రైబస్ అను స్వేచ్ఛా సాధనము మాత్రము చిరకాలము తెలుగు వత్తులను చెదరగొట్టుచుండెను. 2017నాటి ప్రయోగకూర్పులో ఆ దోషము తొలగినది, స్థిరమైన 1.6 కూర్పు 2024లో వెలువడినది. అనగా తెలుగు ముద్రణకు పూర్తిగా స్వేచ్ఛా సాధనములతో కూడిన మార్గము, కంప్యూటరు అచ్చుపనిలో ప్రవేశించిన ఎన్నో ఏండ్లకుగాని ఏర్పడలేదు.

విజయవాడ పడమటి కొసన, కృష్ణకు ఎడమగట్టున, హైదరాబాదు రహదారిని ఆనుకొని భవానీద్వీపమునకు ఎదురుగా విస్తరించిన భవానీపురము వంటి పేటలలో నేటి సామాన్యుని స్థితి ఏమి? అతని జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లినక్సు కెర్నెలుపైననే నడచుచున్నది. ఆ సంగతి అతనికి తెలియనక్కఱలేదు. ఇంటిలోని బల్లకంప్యూటరు సంగతి వేఱు. విండోసు 10నకు మైక్రోసాఫ్టు ఉచిత రక్షణసవరణలను 2025 అక్టోబరు 14తో సాధారణముగా నిలిపివేసినది. విండోసు 11 టీపీఎమ్ 2.0 అను భద్రతాభాగమును, క్రొత్తతరపు ప్రాసెసరును కోరుటచే, చక్కగా పనిచేయు పాత యంత్రములెన్నో దానికి అనర్హములైనవి. అట్టి యంత్రమునకు 4 జీబీ మెమొరీ, 20 జీబీ డిస్కు ఉన్నచో లినక్స్ మింట్ అనాయాసముగా నడచును. పెన్‌డ్రైవునుండియే దానిని నడిపి, హార్డు డిస్కు జోలికి పోకయే ప్రింటరు, వైఫై, తెలుగు టైపింగు పరీక్షించుకొనవచ్చును.

ఉత్తరములు వ్రాసుకొనువారు, బ్యాంకుపనులు చూచుకొనువారు, పిల్లల పాఠములు నడుపువారు ఇక నిశ్చింతగా మారవచ్చును. డీటీపీ చేయువారు మాత్రము తమ పాత ‘అను’ ఫాంటు ఫైళ్లను యూనికోడులోనికి మార్చుకొని, ప్రతిపుటను చదివి దిద్దుకొని, స్క్రైబస్‌లో ఒక చిన్నపుస్తకమైనను కూర్చి ముద్రాపకునిచేత అచ్చువేయించి చూచిన పిదపనే విండోసును విడుచుట మేలు.