పేరు దాచుకున్న పరిశోధకులు

గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ 'స్టూడెంట్ టీ పరీక్ష' పరిచయమే. ఇది విద్యార్థులకు పెట్టే పరీక్ష కాదు. 'స్టూడెంట్' అన్నది ఒక ఉద్యోగి పెట్టుకున్న మారుపేరు.

ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు తయారీ సంస్థలో చేరారు. బార్లీ వంటి ముడిసరుకుల నాణ్యతను అక్కడ కొద్దిపాటి నమూనాలతోనే తేల్చవలసి వచ్చేది. అప్పటి సూత్రాలు పెద్ద నమూనాలకే పనికివచ్చేవి. మరి నాలుగైదు నమూనాల సగటును ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు కనుక్కొని 1908లో 'బయోమెట్రికా' పత్రికలో ప్రచురించారు. వ్యాపార రహస్యాలు పోటీదారులకు చేరతాయన్న భయంతో సంస్థ ఉద్యోగుల స్వంత పేర్లతో ప్రచురణకు ఒప్పుకోలేదు. అందుకే ఆయన 'స్టూడెంట్' అయ్యారు.

గాసెట్ వదులుకున్నది పేరును మాత్రమే. ఆయన పని లోకానికి అందింది. దాన్ని ఫిషర్ మరింత విస్తరించారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి విషయంలో కొంత పనే మరుగున పడింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1923లో హార్వర్డ్ చేరారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అయితే సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయతో వాటిని బయటకు రానివ్వకపోవడమే దీనికి కారణమై ఉంటుందనీ 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. 1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో రూపొందిన డీఈసీ మందును తరువాత నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో కూడా బోదవ్యాధి నివారణకు వాడారు.

ఇక ప్రభుత్వోద్యోగుల మాట. పోర్ట్ బ్లెయర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఆ ఊళ్లోని షాదీపూర్‌లో నివసించే ప్రభుత్వోద్యోగికి కూడా 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలే వర్తిస్తాయి. 14వ నియమం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా సన్మానపత్రం స్వీకరించకూడదు, తన గౌరవార్థం జరిగే సభకు వెళ్లకూడదు. సన్మానం ముసుగులో ప్రలోభాలు చొరబడకుండా చూడటానికి ఇటువంటి కట్టుబాటు పనికివస్తుంది. అయితే 15వ నియమం అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కరలేదంటుంది. ప్రభుత్వం ఆదేశిస్తే ఆ పనిని ఆపివేయాలన్నది అందులోని షరతు. ఈ రెండో నియమం సంగతి తెలియక వ్యాసం రాయడానికి, సైన్సు సభలో మాట్లాడటానికి వెనుకాడేవారు ఉంటారు.

కనుక మూడు విషయాలను వేరుచేసి చూడాలి. వ్యాపార రహస్యం సంస్థది. పనివేళలు ఒప్పందానికి లోబడినవి. కనుక్కున్నవారి పేరు మాత్రం వారిదే. మొదటి రెండింటినీ కాపాడటానికి మూడోదాన్ని తుడిచివేయనక్కరలేదు. ఎవరు కనుక్కున్నారో తెలిస్తేనే తరువాతివారు వారిని ప్రశ్నించగలరు, పొరపాట్లు సరిదిద్దగలరు, ఆ పనిని ముందుకు తీసుకుపోగలరు. పేరు దాచినప్పుడు నష్టం ఆ ఉద్యోగికి మాత్రమే కాదు, విజ్ఞానానికి కూడా.