లూపస్‌కు కార్-టి చికిత్స: ఇప్పటిదాకా తెలిసింది ఇదీ

లూపస్ అంటే మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు. పది మంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. కీళ్ల నొప్పులు, నీరసం, ముఖం మీద ఎర్రటి మచ్చలతో మొదలై కిడ్నీల దాకా పోవచ్చు.

బ్లడ్ క్యాన్సర్లకు వాడే కార్-టి చికిత్సను జర్మనీలోని ఎర్లాంగెన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ప్రొఫెసర్ గియోర్గ్ షెట్ బృందం 2021లో లూపస్ ఉన్న 20 ఏళ్ల యువతికి చేసింది. రోగి రక్తంలోంచి టి-కణాలు తీసి, ల్యాబ్‌లో మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. తప్పుడు యాంటీబాడీలకు మూలమైన బి-కణాలను అవి ఏరిపారేస్తాయి. కొన్ని నెలలకు కొత్త బి-కణాలు పుడతాయి.

2024లో 15 మంది రోగుల ఫలితాలు వచ్చాయి. వాళ్లలో 8 మందిది లూపస్. ఆ 8 మందికీ జబ్బు అదుపులోకి వచ్చింది. మొత్తం 15 మందీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఆపేశారు. చాలామందికి జ్వరం వచ్చింది, ఇన్ఫెక్షన్లూ కనిపించాయి.

అయితే 15 మంది అంటే చిన్న లెక్క. పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు. అందుకే పెద్ద పరీక్షలు జరుగుతున్నాయి.

ఈ వార్త చూసి ఇంట్లో ఎవరూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఆపొద్దు. ఆపితే జబ్బు మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంది. గర్భిణులకు కూడా డాక్టర్లు సాధారణంగా వీటిని కొనసాగిస్తారు. ఏ మార్పైనా డాక్టర్‌ను అడిగాకే.