రక్తవర్గములు - చలిజ్వరము

2007లో కోలారునుండి విడివడిన చిక్కబళ్లాపురము జిల్లాకు దక్షిణమున బెంగుళూరు, ఉత్తరమున దవ్వుల సికింద్రాబాదు కలవు. చలిజ్వర పరిశోధకుడు రొనాల్డు రాసునకు ఇవి రెండును మజిలీలు. 1895లో కలరా పనిపై బెంగుళూరు చేరిన ఆయన, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. క్రిమి వచ్చు త్రోవ తెలిసినది. రక్తకణమును చొచ్చు ద్వారము మాత్రము తెలియలేదు.

1950లో రక్తకణముపై డఫీ యను ప్రతిజనకము బయల్పడెను. రక్తవర్గమును నిర్ణయించు పదార్థమే ప్రతిజనకము. వైవాక్సు అను మలేరియా క్రిమికి అదియే ద్వారమని 1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయీ మిల్లరు బృందము తెలిపెను. పశ్చిమాఫ్రికావాసులలో పెక్కుమంది రక్తకణములపై అది లేదు. వారికి ఆ జ్వరము సాధారణముగా అంటదు. మన దేశమున అది లేనివారు మిక్కిలి అరుదు. బాగేపల్లి, చింతామణి చెరువుల చెంత తెలుగు, కన్నడము, ఉర్దూ ఏది మాటలాడువారికైనను ఆ వాకిలి ఒక్కతీరుననే తెరచియున్నది.

డఫీ లేనివారికిని వైవాక్సు సోకుచున్నదని 2010లో మడగాస్కరు పరిశోధన వెల్లడించెను. ఒక వాకిలి మూసిన క్రిమి వేరొకటి వెదకికొనును. కావున రక్తవర్గమును నమ్మి యుండరాదు. నిలువనీటిని తొలగించుటయు, దోమతెరయు, సకాలచికిత్సయు మాత్రమే అందరికిని సమానమైన కంచె.