పంటనాడు దాచిన గింజ

పాతర నుంచి రేషన్ కార్డు దాకా: తిండి కొరతను తెలుగు ఇళ్లు ఎదుర్కొన్న తీరు

2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ కబురు అమెరికా చేరగానే అక్కడి భారతీయ దుకాణాల ముందు తెలుగువాళ్లు బారులు తీరారు. సోనా మసూరి బస్తాలు ఒక్కొక్కరి బండిలో నాలుగైదు చొప్పున వెళ్లిపోయాయి. ధర పెరిగింది. కుటుంబానికి ఒక్క బస్తాయే ఇస్తామని కొందరు దుకాణదారులు కాగితం అంటించారు. అంతకు మూడేళ్ల ముందు, 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వెలువడినప్పుడు మన ఊళ్లలో కిరాణా కొట్ల దగ్గర జరిగిందీ ఇదే. అప్పుడు భారత ఆహార సంస్థ గోదాముల్లో నిర్ణీత పరిమాణాన్ని మించి ధాన్యం ఉంది. అయినా జనం ఆగలేదు.

ఆ భయాన్ని తప్పుపట్టలేం. రెండు శతాబ్దాల పాటు కరువు వెంట కరువు చూసిన నేల మనది. కానీ మన పెద్దలు గింజ దాచిన పద్ధతికి, మనం ఇప్పుడు ఎగబడి కొంటున్న పద్ధతికి పొంతన లేదు. వాళ్లు పంట చేతికొచ్చి, ధర పడిపోయి, గింజకు కొదవ లేనప్పుడు దాచారు. మనం కొరత మాట చెవినపడ్డాక పరుగెత్తుతున్నాం. పంటనాడు దాస్తే ఎవరి నోటి దగ్గరి ముద్దా తగ్గదు. కొరతనాడు పోగేస్తే పక్కింటి వాటా మన ఇంట్లోకి వస్తుంది.

గాదె, గుమ్మి, పాతర

ఏ నేలలో పండేదాన్ని బట్టి, ఆ నేల తేమను బట్టి నిల్వ పద్ధతి ఏర్పడింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వాన ఎక్కువ, నేలలో నీరు పైనే ఉంటుంది. అక్కడ ధాన్యం నేలకు ఎత్తుగా ఉండాలి. అందుకని గాదెలు, గరిసెలు కట్టారు. ఎండుగడ్డిని తాడుగా పేని, చుట్టూ చుట్టుకుంటూ పైకి లేపి, మధ్యలో వడ్లు పోసి పురులు కట్టారు. తెలంగాణలో వెదురుతోనో సన్నటి పుల్లలతోనో గుమ్మి అల్లి, లోపలా బయటా పేడా మట్టీ మెత్తి ఆరబెట్టేవారు. ఇంట్లో ఓ మూల నిలబడే ఆ గుమ్మి నిండితే ఏడాది గడిచినట్టే.

రాయలసీమ మెట్టలో, బళ్లారి వైపు, తెలంగాణ నల్లరేగళ్లలో పాతర నడిచింది. గట్టి నేలలో లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా చొప్పో గడ్డో దట్టంగా పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన గడ్డి కప్పి మట్టితో మూసేవారు. అలా మూసిన జొన్న ఏళ్ల తరబడి చెడదు. గింజలూ, వాటిలోని పురుగులూ ఊపిరి తీసుకుంటూ లోపలి ప్రాణవాయువును హరించేస్తాయి. బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు చస్తుంది, గింజ మిగులుతుంది. గాలి చొరని సంచుల్లో ధాన్యం దాచమని ఇవాళ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నది ఈ సూత్రాన్నే. ఆ వాయువే మనిషి ప్రాణమూ తీయగలదు. అందుకే పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగేవారు కాదు. గాలి ఆడనిచ్చి, దీపం లోపలికి దించి, అది ఆరకుండా వెలిగితేనే కాలు పెట్టేవారు.

ఇంటి లోపలి నిల్వంతా ఆడవాళ్ల చేతిలో ఉండేది. గింజ ఎండిందో లేదో పంటికింద కొరికి చెప్పేవారు. బియ్యంగా కాక వడ్లుగానే ఉంచి, కావలసినప్పుడు కావలసినన్ని దంచుకునేవారు. పొట్టు ఉన్నంతకాలం గింజకు పురుగు భయం తక్కువ. కందులకు ఎర్రమట్టి పట్టించేవారు. పప్పుకు ఆముదం రాసేవారు. నూనె పూత ఉన్న గింజ మీద పురుగు గుడ్డు నిలవదు. బూడిద కలిపితే గింజల మధ్య సందులు మూసుకుపోయి పురుగు కదలలేదు. వేపాకు సంగతి అందరికీ తెలిసిందే. ఎండాకాలంలో చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి కుండలకెత్తడం, మిరపకాయలు ఎండబెట్టడం, వడియాలు, ఒరుగులు, ఊరగాయలు పెట్టడం, ఇవన్నీ వానాకాలపు కొరతకు ముందుగా కట్టిన అడ్డుగోడ. ఆషాఢ శ్రావణాల్లో పాత పంట తరిగిపోయి, కొత్త పంట ఇంకా పొలంలోనే ఉన్నప్పుడు ఆ జాడీలూ కుండలే కూరగాయల లోటు తీర్చేవి.

ఈ తెలివి ఇంటిదే కాదు, రాజ్యానిది కూడా. కోష్ఠాగారంలోకి వచ్చిన ధాన్యంలో సగం ప్రజల ఆపద కోసం పక్కన పెట్టాలని, కొత్త గింజ వచ్చినప్పుడల్లా పాతది మార్చాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించింది.

గాదె లేని ఇళ్ల గతి

అయితే ఈ నిల్వలన్నీ పొలం ఉన్న ఇళ్లవి. కూలి చేసుకుని ఏ పూటకాపూట గింజలు తెచ్చుకునే ఇంట్లో గుమ్మి ఎక్కడిది? కరువు మొదట తట్టింది ఆ తలుపులనే.

1832–33 నాటి నందన నామ సంవత్సరంలో వానలు మొహం చాటేశాయి. గుంటూరు ప్రాంతం ఎడారైంది. అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది దాకా పోయారని అంచనా. బతికినవారు తిండి వెతుక్కుంటూ మద్రాసు బాట పట్టారు. ఆ దారి పొడవునా శవాలు పడ్డాయి. మనుషులు పోవడంతో శిస్తు కూడా పోయిందని పాలకులు గుర్తించాక నదుల మీద ఆనకట్టల ఆలోచన బలపడింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట సిద్ధమైంది. ఆకలితో చచ్చిన నేల కొద్ది దశాబ్దాల్లో ఇతర ప్రాంతాలకు అన్నం పెట్టే నేలగా మారింది.

ఆ నీరు అందని రాయలసీమను 1876లో ధాత కరువు పట్టుకుంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడాయి. రెండేళ్లకు పైగా సాగిన ఆ క్షామంలో దేశంలోని బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షల మందికి పైగా మరణించారు. రైతుల పాతరలు మొదటి ఏడాదికి కొంత ఆదుకున్నాయి. రెండో ఏడు కూడా వాన లేకపోయేసరికి పాతరలు అడుగంటాయి. అదే సమయంలో దేశం నుంచి ధాన్యం విదేశాలకు ఓడల్లో వెళ్తూనే ఉంది. మద్రాసు ప్రభుత్వం ముందుజాగ్రత్తగా ధాన్యం కొని నిల్వ చేయబోతే, వ్యాపారంలో చేయి పెట్టొద్దని వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం మందలించింది. సహాయ పనుల్లో రోజంతా చెమటోడ్చిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలని లిట్టన్ ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ కూలి పెరగలేదు.

ప్రభుత్వం చేయనిది కొన్ని ఇళ్లు చేశాయి. ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి కరువు కాలంలో తన ధాన్యం బయటికి తీసి వేలమందికి అన్నం పెట్టాడు. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ వడ్డించింది. నిండిన గాదె గొప్పతనం దాని తలుపు తెరుచుకున్నప్పుడే లోకానికి తెలిసింది. కానీ ఒక ప్రాంతమంతా మాడిపోతున్నప్పుడు దాతల గాదెలు ఎన్ని ఉంటే సరిపోతాయి? ఆ ప్రశ్నకు జవాబుగానే 1880 కరువు కమిషన్, ఆ వెనుక కరువు నియమావళి వచ్చాయి.

బర్మా బియ్యం ఆగిన ఏడు

1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. మన తీరం నుంచి కూలికి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు వేలాదిగా అడవుల మీదుగా నడిచి తిరిగొచ్చారు. వాళ్లతో పాటు రావలసిన బియ్యం మాత్రం రాలేదు. బర్మా నుంచి ఏటా లక్షల టన్నుల బియ్యం ఇండియాకు దిగుమతయ్యేది. అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. తీరమంతా గుబులు పుట్టింది.

1943లో బెంగాల్ మాడిపోయింది. విచారణ కమిషన్ లెక్క ప్రకారమే 15 లక్షల మంది చనిపోయారు. ఇతర అంచనాలు 30 లక్షల దాకా వెళ్తాయి. ఆ ఏడాది జూన్‌లో బెంగాల్ ప్రభుత్వం పల్లెల్లో ఇల్లిల్లూ వెతికి దాచిన ధాన్యం బయటికి తీయిస్తానని బయల్దేరింది. కలకత్తాను మాత్రం ఆ సోదా నుంచి మినహాయించింది. ధర ఎగబాకుతుంటే బలవంతులు కొని దాచుకున్నారు, కూలివాడి చేతిలోని డబ్బుకు గింజ దొరకలేదు. ఆహారం మొత్తం ఎంత ఉందన్నది ఒక్కటే కరువును నిర్ణయించదని, ఎవరికి అందుతుందన్నదే అసలు విషయమని తరువాతి కాలంలో ఆర్థికవేత్త అమర్త్య సేన్ బెంగాల్ ఉదాహరణతోనే నిరూపించాడు.

ఆ దెబ్బతో పెద్ద నగరాల్లో రేషనింగ్ వచ్చింది. సర్ థియొడార్ గ్రెగరీ అధ్యక్షతన 1943లో ఏర్పడిన ఆహారధాన్యాల విధాన సంఘం దానికి దారి చూపింది. డెల్టా రైతు పండించిన వడ్లు ప్రభుత్వ సేకరణకు వెళ్లాయి. పట్నం కుటుంబం చేతికి రేషన్ కార్డు వచ్చింది. ఇంట్లో ఎంతమంది, తలకు ఎంత అన్న లెక్కతో గింజ పంచడం మన జీవితాల్లోకి అలా ప్రవేశించింది.

లెవీ ధాన్యం, సంఘం గింజ

నిజాం రాజ్యంలో ఇదే సేకరణ మరో రూపం దాల్చింది. యుద్ధకాలంలో సర్కారు రైతుల మీద లెవీ, అంటే నిర్బంధ ధాన్య సేకరణ, విధించింది. పెద్ద భూస్వాములు, దేశ్‌ముఖ్‌లు తప్పించుకున్నారు. చిన్న రైతు మీద మాత్రం దండు దిగింది. తినడానికి దాచుకున్న గింజ, విత్తనానికి పక్కన పెట్టిన గింజ కూడా మిగల్లేదు. తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభ సంఘాలు పుంజుకోవడానికి భూమి, వెట్టితో పాటు ఈ లెవీ కూడా కారణం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం అండతో ఆమె దాన్ని ఇంటికి చేర్చుకుంది. తన చెమట పంట తన గుమ్మిలోనే పడాలన్న ఆ పట్టుదల వేల ఇళ్లకు ధైర్యం నూరిపోసింది.

స్వతంత్రం వచ్చాక కూడా ధాన్యంపై ప్రభుత్వ కంట్రోళ్లు వస్తూ పోతూ ఉన్నాయి. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ బియ్యంపై కంట్రోలు ఎత్తేశారు. 1955లో నిత్యావసర వస్తువుల చట్టం, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. 1965–66 అనావృష్టి కాలంలో దేశం అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసింది. వారానికి ఒక పూట భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కోరితే లక్షల కుటుంబాలు మన్నించాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడంతో, గాదె ఎరుగని ఇంటికి తొలిసారి నెలనెలా నమ్మకమైన గింజ దక్కింది. 2013 ఆహార భద్రత చట్టం అర్హులైన ఇళ్లకు నెలకు తలకు అయిదు కిలోల ధాన్యాన్ని హక్కుగా మార్చింది. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం కార్డు ఉన్న కుటుంబాల్లో తలకు 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. ఆ ధాన్యం లేకపోయి ఉంటే ఆ వేసవి ఎలా ఉండేదో తలుచుకుంటేనే భయం వేస్తుంది.

ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. బియ్యం బండి ఊరికి వచ్చింది కానీ, జొన్న, కొర్ర, సామ ఊరు విడిచాయి. వాటితో పాటు దాచే విద్య కూడా పలచబడింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాలు దీనికి బదులు చెప్పాయి. 1990లలో వాళ్లు బీడుపడిన పొలాలు సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పిచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి రాబట్టారు. ఆ జొన్నలను ఊళ్లోనే వేపాకు, బూడిదతో నిల్వ చేశారు. ఏ ఇల్లు ఎంత పేదదో తామే కూర్చుని తేల్చి, తిండికి కటకటలాడే నెలల్లో తక్కువ ధరకు పంచారు. ఈ సంఘాల్లో ఎక్కువమంది భూమి అంతంతమాత్రమైన దళిత మహిళలు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు దక్కింది. ఇంటి తెలివినీ, రాజ్యం ఇచ్చే భరోసానీ ఊరి స్థాయిలో కలిపి చూపిన పని అది.

ఇక మన వంతు

తుపాను, వరద, మహమ్మారి, యుద్ధం, ఇవేవీ ముందే చెప్పి రావు. ప్రతి ఇంట్లో కొన్ని వారాలకు సరిపడా బియ్యం, పప్పు, ఉప్పు, నూనె ఉండటం మంచి అలవాటే. దానికి ఒక పద్ధతి మాత్రం ఉండాలి. కొత్త పంట బజారుకొచ్చినప్పుడు కొనాలి. తినేదే దాచాలి. పాతది ముందు వండి, ఆ ఖాళీని కొత్తదానితో నింపాలి. కొరత వార్త వచ్చిన రోజున కొట్టుకు వెళ్లకుండా ఉండగలగాలంటే, అంతకు ముందే ఇంట్లో గింజ ఉండాలి. ఆ రోజు క్యూలో మన చోటు ఖాళీగా ఉంటే, రోజుకూలీకి తన కిలో బియ్యం మామూలు ధరకు దొరుకుతుంది.

రెండో బాధ్యత ఇంతకన్నా పెద్దది. దాచుకోగలిగిన స్తోమత అందరికీ లేదు. నందన, ధాత కరువుల్లో చనిపోయినవారు ముందుచూపు లేక చనిపోలేదు, ముందుచూపుతో దాచుకోవడానికి చేతిలో ఏమీ లేక చనిపోయారు. అందుకే రేషన్ దుకాణం బాగా నడవడం, ఊరి గోదాములో మంచి గింజ ఉండటం, బియ్యంతో పాటు జొన్నకూ రాగికీ అక్కడ చోటు దక్కడం దాచుకోగలిగిన వాళ్లం కూడా అడగవలసిన విషయాలు. మన డబ్బా నిండుగా ఉందని ఆ దుకాణం సంగతి పట్టించుకోకపోతే, ఈ నేల కరువులు నేర్పిన పాఠాన్ని సగమే చదివినట్టు.