1996 కోనసీమ తుపాను: నష్టం ఎవరిది?

తుపానును 'ప్రకృతి వైపరీత్యం' అని తేల్చేసి ఊరుకోవడం చరిత్ర రచన కాదు. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, బంగాళాఖాతంలో బలపడిన పెనుతుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటి కోనసీమ మీద పడింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. ఇక్కడ ప్రధానంగా విరుచుకుపడింది గాలి. సార్వా వరి నేలకొరిగింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఎందరో గల్లంతయ్యారు.

ఈ 'గల్లంతు' అనే మాట దగ్గరే ఆగాలి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెల నుంచి వేటకెళ్లిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. శవం దొరకనివాణ్ణి చనిపోయాడని భావించడానికి సాధారణ చట్టం అడిగేది ఏడేళ్లు. కూలిన కొబ్బరిచెట్టు చోట నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికీ ఇంచుమించు అంతే కాలం! అయితే చెట్టుకు యజమాని ఉన్నాడు, అతని పేరు అడంగల్‌లో ఉంది. అదే తోటను నమ్ముకున్న దింపు, వలుపు కార్మికుల పేర్లు ఏ అడంగల్‌లోనూ ఉండవు. పీచు ఒలిచి తాడు పేనే స్త్రీల సంగతి సరేసరి. కోనసీమ అనగానే పచ్చదనం దగ్గరే ఆగిపోయే మన కవిత్వంలోనూ వీళ్లు అరుదే. గాలి వెలిసిన మర్నాటి నుంచి కొత్త మొక్క గెల వేసేదాకా వీళ్లు ఏ పని చేసి బతికారన్నది ఆ పల్లెలకే వెళ్లి అడగాలి.