నెత్తుటి రాత

నవలలో ఎవరికైనా గుండెపోటు తెప్పించడం మాలాంటి వాళ్ళకు మహా తేలిక. తండ్రిగారి చేతికి ఒక టెలిగ్రాం ఇప్పించి, కుర్చీలో కూలబెడితే సరి, ప్రకరణం పూర్తి! ఆయన బతకాలో వద్దో మేమే తేల్చేస్తాం. డాక్టర్లకు ఆ సౌకర్యం ఎక్కడిది? వరండాలో నిలబడ్డ ఇల్లాలు "ఆయనకేం భయం లేదు కదా డాక్టరుగారూ?" అని అడిగితే, చాలాకాలం పాటు వాళ్ళు చెప్పగలిగింది ఒక్కటే: "చూద్దామమ్మా."

ఆ "చూద్దాం"కి ఒక లెక్క దొరికిన కథ ఇది.

రక్తం అందక గుండె కండలో కొంత భాగం చచ్చిపోతే, ఆ కణాల్లోని సరుకు కారి నెత్తుట్లో కలుస్తుంది. గోడ కూలిన ఇంట్లోని సామాను వీధిన పడ్డట్టన్నమాట. వీధిలో పడ్డదాన్ని బట్టి ఇంట్లో ఎంత నష్టం జరిగిందో ఊహించవచ్చు కదా! 1954లో న్యూయార్కులో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు ఆ పనే చేశారు. గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో ట్రాన్సమినేజ్ అనే ఎంజైము పెరుగుతుందని చూపించారు. తీరా చూస్తే అది కాలేయం చెడినా పెరుగుతుంది! తర్వాత వచ్చిన సి.కె.-ఎం.బి. పరీక్ష కొంత నయమే గాని, అదీ గుండెకు మాత్రమే చెందింది కాదు.

అసలు ఆనవాలు ట్రోపోనిన్. 1960లలో జపానులో ఎబాషీ కండరాల్లో ఈ ప్రోటీనును కనిపెట్టాడు. గుండెలో ఉండే రకాన్ని రక్తంలో కొలిచే పరీక్షను 1980ల చివర జర్మనీలో కాటుస్ బృందం తయారుచేసింది. 1996లో అమెరికాలో 1404 మంది రోగుల లెక్క ప్రకటించారు. ట్రోపోనిన్ పెరగనివాళ్ళలో 42 రోజుల్లో పోయినవారు నూటికి ఒకరు, పెరిగినవాళ్ళలో 3.7 శాతం, మరీ ఎక్కువగా పెరిగినవాళ్ళలో 7.5 శాతం. నుదుటి రాత చదవడం మనవల్ల కాలేదు గాని, నెత్తుటి రాత చదవడం వచ్చిందన్నమాట!

ఇక మన ఆడవాళ్ళ సంగతి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీల రక్తంలో ట్రోపోనిన్ మగవాళ్ళకన్నా తక్కువే ఉంటుంది. కాని కొలత మాత్రం అందరికీ ఒకటే పెట్టారు. మగవారి చొక్కా కొలతతో మన జాకెట్టు కుట్టినట్టు! 2015లో ఎడింబరో డాక్టర్లు మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 16 అని హద్దులు వేరుచేసి, మరింత సున్నితమైన పరీక్షతో చూశారు. గుండెపోటని తేలిన మగవాళ్ళు 19 శాతం నుంచి 21కి పెరిగితే, ఆడవాళ్ళు 11 నుంచి ఏకంగా 22కి పెరిగారు. అంటే సగం మంది లెక్కకే రాలేదు! అలా తప్పిపోయిన స్త్రీలలో ఏడాదిలోగా దాదాపు నలుగురిలో ఒకరు మరణించడమో, మళ్ళీ గుండెపోటుకు గురికావడమో జరిగింది.

హద్దు మార్చాక కష్టం గట్టెక్కిందనుకుంటున్నారా? స్కాట్లండులో పది ఆస్పత్రుల్లో 48 వేల మందికి పైగా రోగుల మీద జరిపిన పరిశీలన ఫలితాలు 2019లో వచ్చాయి. గుండె దెబ్బతిందని రక్తం చెప్పినవాళ్ళలో మూసుకున్న నాళాలు తెరిచే చికిత్స మగవాళ్ళలో 34 శాతం మందికి అందితే, ఆడవాళ్ళలో 15 శాతానికే అందింది. కొలెస్టరాల్ తగ్గించే మందు సైతం వాళ్ళకు 26, మనకు 16. జబ్బు పట్టుబడ్డా, స్త్రీలలో తర్వాతి గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. ఎలా తగ్గుతాయి చెప్పండి? పరీక్ష కాగితం మందు వేయదుగా!

ఇందులో మన వంతూ కొంత ఉంది. ఛాతీ బరువెక్కినా, దవడ లాగినా, ఊరకే ఆయాసం వచ్చినా "గ్యాసులే" అని సోడా తాగి పోపు పెట్టడానికి వెళ్ళిపోతాం. అలా వెళ్ళకండి. వెంటనే ఆస్పత్రికి పదండి. మొదటి పరీక్షలో ఏమీ తేలకపోతే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేయాలేమో అడగండి. ట్రోపోనిన్ పెరగడానికి కొంత వ్యవధి పడుతుంది. చేతికొచ్చిన కాగితం మడిచి పెట్టెలో దాచకుండా, "దీనికి వైద్యం ఏమిటండీ?" అని నిలదీయండి. ఈసారి "చూద్దామమ్మా" అంటే ఒప్పుకోకండి.